అయిదో అపచారం

నవ్వేముందు పక్కవాడి మొహం చూసుకుంటున్నారు వెధవలు, అనుకుంది మంగతాయారు. బందరులో మండువేసవి మ్యాట్నీ, బాల్కనీలో మూడో వరస. ఏసీ వేశామంటారు గానీ చల్లదనం ఎక్కడో తెర దగ్గరే ఆగిపోయినట్టుంది. ఆవిడ తెరకంటే జనాన్నే ఎక్కువగా చూస్తోంది. తెర మీద కాషాయం కట్టిన స్వామి ఒకాయన గొంతు గద్గదం చేసుకుని వైరాగ్యం గురించి చెబుతూ చెబుతూ టక్కున ఆగి, "ఆడియో సరిగా పడలేదు నాయనా, సంసారం నీటిబుడగ అన్న దగ్గర్నుంచి ఇంకో టేక్ తీసుకుందాం" అన్నాడు. కింద ముందు వరసల్లో గిలకలదిండి కుర్రాళ్ళు గొల్లుమన్నారు. వేట నిషేధం రోజులు, పడవలు కదలవు, పొద్దుపోక వచ్చారు. నవ్వొచ్చింది, నవ్వారు, అంతే. బాల్కనీకి అంత తేలిగ్గా ఎక్కడొస్తుంది? ఇక్కడ నవ్వు గొంతుదాకా వచ్చి ఆగుతుంది. పక్కన కూర్చున్నది ఎవరు, వాళ్ళు నవ్వారా, మనం నవ్విన సంగతి రేపు ఎవరికైనా చెబుతారా, అన్నీ చూసుకున్నాక దగ్గులాంటి చప్పుడొకటి బయటికొస్తుంది. ముందు వరసలో బట్టతలాయన "తప్పు తప్పు" అని లెంపలేసుకుంటూ మరీ నవ్వుతున్నాడు. దేవుడికి లెంపలు, సినిమాకి నవ్వు. ఇద్దరితోనూ మంచిగా ఉండాలి కాబోలు.

పక్కసీట్లో ఖదీజాకి ఈ బాధలేం లేవు. ముప్ఫయ్యొక్కేళ్ళు ఒకే సెక్షన్లో ఎదురెదురు బల్లల మీద పనిచేసిన మనిషి, ఆఫీసులో ఆవిడ నవ్వు మొదలుపెడితే బల్ల మీద స్టాంపు ప్యాడు కూడా వణికేది. ఇప్పుడు పాప్‌కార్న్ డబ్బా వణుకుతోంది. "నువ్వెందుకు నవ్వట్లేదే మంగా?" అని మోచేత్తో పొడిచింది. నవ్వడానికి రాలేదు తను. ఏడవడానికి వచ్చింది. ఆ మాట ధర్మారావే పొద్దున ఇంటికొచ్చి మరీ చెప్పాడు. పోయిన మొగుడికి తమ్ముడు, నాగాయలంకలో చిన్నపాటి నాయకుడు, తెల్లచొక్కా మడత నలక్కుండా సోఫా అంచున కూర్చుని, "వదినా, ఆ విక్రమ్‌గాడు అన్నయ్య పెద్దకర్మని సినిమాలో పెట్టి నవ్వులపాలు చేశాడు. కుటుంబం పరువు పోయింది. నువ్వు ఒక్కసారి చూసి బయటికొచ్చి మైకులో నాలుగు ముక్కలు చెబితే చాలు, షోలు ఆపించేస్తాం. చెప్పలేకపోయినా పర్లేదు, ఏడిస్తే చాలు" అన్నాడు. ఏడిస్తే చాలట. రెండు చానెళ్ళవాళ్ళని మాట్లాడి థియేటర్ గేటు దగ్గర పెట్టాడు. వినతిపత్రం కూడా టైపు చేయించుకొచ్చాడు, కింద ఆవిడ సంతకానికి జాగా వదిలి. "తీవ్ర మనస్థాపానికి గురైన నేను" అని మొదలైంది. మనస్థాపం! మనసుని ఎక్కడ స్థాపించాడో! ఆవిడ పెన్ను తీసి ఆ మాట కింద గీత గీసి, "తాపం, ధర్మారావూ, స్థాపం కాదు" అని కాయితం తిరిగిచ్చేసింది. సంతకం సినిమా చూశాక పెడతానంది.

విక్రమ్ ఆవిడ చెల్లెలి కొడుకు, గుడివాడ. చదివిన ఇంజనీరింగు గోడకి తగిలించేసి, నలుగురు స్నేహితుల్ని పోగేసి, రెండేళ్ళు తిండీనిద్రా మానుకుని తీశాడీ సినిమా. ‘అయిదు అపచారాలు’ అని పేరు. కథంటూ లేదు, అయిదు తునకలు, ఒకదానికొకటి సంబంధం లేదు, దేన్నీ లెక్కచెయ్యకుండా అన్నిటినీ వెక్కిరించడమే. పోస్టరు మీద "చూసి తిట్టండి" అని రాయించాడు. చూడకుండానే తిడుతున్నారు పాపం, ఆ మాత్రం శ్రమ కూడా లేకుండా. అందులో అయిదోది, చివరిది, పెద్దకర్మ. దానికోసమే ఆవిడ కూర్చుంది. వాడు దాన్ని ఎలా తీశాడోనని రెండు నెలలనుంచీ లోపల ఒక పురుగు తొలుస్తోంది, ఆ సంగతి ధర్మారావుకి తెలీదు, ఖదీజాకి కూడా తెలీదు.

రెండో అపచారం రొయ్యల చెరువు. రాత్రి కరెంటు పోయి చెరువులో ఏరేటర్లు ఆగిపోతే ఇంటిల్లిపాదీ మోకాలి లోతు నీళ్ళలోకి దిగి, రొయ్యలకి ఊపిరాడాలని కాళ్ళతో నీళ్ళు చిలుకుతుంటారు. అదే కరెంటు మీద నడిచే మిషను ఆగిపోయి లోపల మంచం మీద ముసలాయన గాలందక చెయ్యెత్తి పిలుస్తుంటాడు, ఎవరికీ గుర్తు రాడు. వెనకసీట్లో బంగారు కడియం వేసుకున్నాయన కుర్చీ విరిగేట్టు నవ్వి, "అచ్చం మా బావే! మా బావ ఇలాగే చేస్తాడు!" అని పక్కాయనతో అంటున్నాడు. చేతికి ఆ కడియం ఏ చెరువులోంచి వచ్చిందో! బావ కూడా ఇదే సినిమా అవనిగడ్డలో చూస్తూ "అచ్చం మా బావమరిదే" అంటుంటాడు, ఖాయం. ఎవడి మొహం వాడికి తప్ప అందరి మొహాలూ కనపడే అద్దమేదో ఈ జిల్లాలో ఇంటింటికీ పంచినట్టున్నారు. మూడోది ఆఫీసు. ఒక ఫైలు చచ్చిపోతే సెక్షనంతా కలిసి దానికి తద్దినం పెట్టడం, కాకి పిండం ముట్టుకోలేదని సూపర్నెంటు "ఏదో కోరిక మిగిలుంది, నోట్‌ఫైల్ తిరగెయ్యండి" అనడం. ఎడంపక్కన ఉన్న నలుగురూ ఏదో ఆఫీసు నుంచి సెలవు పెట్టకుండా వచ్చినవాళ్ళే, మెళ్ళో ట్యాగులు జేబులో దోపుకుని మరీ వచ్చారు, వాళ్ళే అందరికంటే గట్టిగా నవ్వారు. ఖదీజా చెవి దగ్గరకొచ్చి, "నీ టేబులేనే అది, ఆ నాపరాయి పేపర్‌వెయిట్‌తో సహా" అంది. అవును, తన టేబులే. విక్రమ్ చిన్నప్పుడు వేసవి సెలవులకొచ్చి ఆఫీసులో ఆ బల్ల కింద కూర్చుని బొమ్మలు వేసుకునేవాడు. తన చేతి కింద కూడా ఒకటో రెండో ఫైళ్ళు చచ్చే ఉంటాయి, కాదనదు. ఆ ఒక్కచోటా మంగతాయారుకి మనుషుల మీద కాక తన మీదే కాస్త అసహ్యం వేసింది. అది ఎక్కువసేపు నిలవలేదు, లైట్లు వెలిగాయి.

ఇంటర్వెల్లో సమోసాల దగ్గర జనం మాట్లాడుకునేది వినడానికి చెవులుండాలి గానీ. "కామెడీ బానే ఉందండీ, ఆ స్వామి బిట్టే అనవసరం." "అబ్బే, స్వామిది పర్లేదండీ, దొంగస్వాములు ఉన్నారు కదా. ఆక్వా వాళ్ళని అనకుండా ఉండాల్సింది, ఎంతమందికి అన్నం పెడుతున్నారు?" "మన ఊరివాళ్ళ మీదే కాకుండా పక్క జిల్లా వాళ్ళ మీద కూడా పెడితే బ్యాలెన్స్ అయ్యేది." ప్రతివాడికీ తనది తప్ప మిగతా నాలుగూ బాగున్నాయి. ఆడవాళ్ళ బాత్రూము దగ్గర పట్టుచీర కట్టుకున్న ఒకావిడ, సినిమాకి పట్టుచీర ఎందుకో, "విలువలు లేవండీ ఈ కాలప్పిల్లలకి" అని, సెల్‌ఫోనులో అదే సినిమాలోని స్వామి ముక్క ఎవరికో పంపిస్తోంది. మంగతాయారు చేతులు కడుక్కుని, అద్దంలో తన మొహం చూసుకుని, దాన్నీ వదల్లేదు: ఏమిటా మూతి ముడుపు, నువ్వేదో తీర్పు చెప్పడానికి దిగొచ్చినట్టు.

నాలుగోది వచ్చి పోయింది. హంసలదీవిలో పెళ్ళికి ముందు ఫొటోల కోసం సముద్రంలో నిలబడ్డ జంటని కెమెరావాడు ఇంకొంచెం వెనక్కి, ఇంకొంచెం వెనక్కి అంటూ పోవడం, పోటు వస్తుంటే "సముద్రంగారూ, ఒక్క నిమిషం" అని కేకెయ్యడం. చిన్నజంటలు ఒకరినొకరు గిచ్చుకుని నవ్వుకున్నారు. ఆవిడ చూపు తెర మీదే ఉన్నా బుర్ర నాగాయలంకలో ఉంది. రెండేళ్ళ కిందటి సంగతి, ఇంటి ముందు షామియానా, శివరామయ్య పోయి పదకొండో రోజు. డెల్టా కాలవల మీద లాకులు చూసుకునే ఉద్యోగం చేసి రిటైరైన మనిషి, జీవితమంతా తలుపులు ఎత్తి, దించి, నీళ్ళకి దారిచ్చాడు, ఒకడి జోలికి పోలేదు. ఆయన నవ్వితే చప్పుడు ఉండేది కాదు, భుజాలు మాత్రం కదిలేవి. పక్కనున్న ఆవిడకి మంచం కదిలితే తెలిసేది. అలాంటి మనిషికి ఇరవై అడుగుల ఫ్లెక్సీ. "అశ్రునివాళి" అని అక్షరాలు, మధ్యలో నమస్కారం పెడుతూ ధర్మారావు, చుట్టూ ధర్మారావు నాయకులు, ఒక మూల పాస్‌పోర్టు సైజులో చచ్చిపోయినాయన. మీద డ్రోను తిరుగుతోంది, విస్తళ్ళ మీదకి దుమ్ము రేగుతోంది. వచ్చినవాళ్ళు ఆవిడ ముందు ఆగి, మొహం వేలాడేసి, నాలుగు సెకన్లు ఉండి, భోజనాల వైపు చూస్తూ "ధైర్యంగా ఉండండి" అని వెళ్ళిపోతున్నారు. ధైర్యం ఎందుకో? పప్పుచారు చల్లారిపోతుందేమోనని వాళ్ళకి కావాలి ధైర్యం.

పది రోజులు ఆవిడకి ఎవరూ సరిగా అన్నం పెట్టలేదు. పెట్టలేదంటే పెట్టారు, పాలు, అరటిపండు, "పాపం, సయించదు" అనే మాట. సయించదని ఎవరు చెప్పారు వీళ్ళకి? ఆకలేసింది. సిగ్గులేకుండా, కడుపులో ఎవరో తిరగలి తిప్పుతున్నట్టు ఆకలేసింది. పదకొండో రోజు మధ్యాహ్నం లేచి, ఎవరూ చూడకుండా పెరట్లో వంటషెడ్డు వెనక్కి వెళ్ళి, బుట్టలోంచి వేడివేడి గారెలు తీసుకుని, అల్లప్పచ్చడి చేతిలోనే వేసుకుని, నిలబడి తింది. ఆరు తింది. ఆరోది నోట్లో ఉండగా ఎదురుగా విక్రమ్, కెమెరా మెళ్ళో వేలాడుతూ. వాడేం అనలేదు. సరిగ్గా అప్పుడే షామియానాలోంచి మైకు మోగింది. రోజుకి మూడు పుట్టినరోజు సభల్లో మాట్లాడే నాయకుడెవరో అలవాటులో జారిపోయి, "శివరామయ్యగారు ఇలాంటి కార్యక్రమాలు మరెన్నో జరుపుకోవాలని, నిండు నూరేళ్ళూ చల్లగా ఉండాలని" అనేశాడు. జనం చప్పట్లు కూడా కొట్టారు. విక్రమ్ ఆవిడ వైపు చూశాడు, ఆవిడ విక్రమ్ వైపు చూసింది. గారె నోట్లో ఉండగానే నవ్వు వచ్చేసింది. ఆపుకుంటే భుజాలు కదిలాయి. తన భుజాలు అలా కదలడం చూసుకున్నాకే, ఆ నవ్వు ఎవరిదో తెలిసింది ఆవిడకి. ఈ ముక్క వినాల్సిన మనిషి, విని ఇలా కదిలిపోవాల్సిన మనిషి ఇక లేడని పది రోజుల్లో మొదటిసారి తెలిసింది. నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చింది. పొలమారింది. వాడు నీళ్ళు తెచ్చిచ్చాడు. "పెద్దమ్మా, ఎప్పుడన్నా ఇది సినిమాలో పెట్టుకోనా?" అని అడిగాడు. "పెట్టుకో. గారెలతో సహా పెట్టుకో" అంది. ఈ భూమ్మీద ఆవిడ మొగుడి కోసం ఏడవడం చూసినవాడు వాడొక్కడే. తక్కిన జనం చూసింది ఫ్లెక్సీ.

తెర మీద అక్షరాలు పడ్డాయి: అపచారం అయిదు. షామియానా వచ్చింది, ఫ్లెక్సీ వచ్చింది, అందులో తమ్ముడి బొమ్మ ఏనుగంత, పోయినాయన బొమ్మ చీమంత. కెమెరా దగ్గరికెళ్తే పోయినాయన బొమ్మ మీద కూడా తమ్ముడి బొటనవేలు పడి ఉంది. హాలు పగిలిపోయింది. వెనక కడియమాయన "అమ్మనీ, మా ధర్మారావుగారిదేగా ఇది!" అన్నాడు, కంఠంలో ఎంత ఆనందమో. ధర్మారావు మనస్తాపం ఎక్కడ పుట్టిందో మంగతాయారుకి అప్పుడు తేటతెల్లమైంది. అన్నయ్య పరువట, అన్నయ్య! నాయకుడు మైకు పట్టుకుని నిండు నూరేళ్ళూ అన్నాడు. కింద కుర్రాళ్ళు ఈలలు, బాల్కనీ కూడా ఈసారి పక్కకి చూడ్డం మర్చిపోయింది, ఖదీజా చీర చెంగు నోట్లో కుక్కుకుంది. మంగతాయారు మాత్రం కుర్చీ చేతులు పట్టుకుని ముందుకు వంగింది. ఇప్పుడొస్తుంది. వంటషెడ్డు. ఇప్పుడు.

రాలేదు. తెల్లచీరలో, నుదురు ఖాళీగా, నిండా పాతికేళ్ళు లేని ఒక అమ్మాయి స్తంభానికి ఆనుకుని కూర్చుని ఉంది. ఎదురుగా విస్తట్లో అన్నం ముట్టలేదు. ఒక్క కన్నీటి చుక్క, చాలా పద్ధతిగా, బుగ్గ మీంచి జారింది. వయొలిన్ మొదలైంది. హాలంతా ఊపిరి బిగబట్టింది, తర్వాత అక్కడక్కడా "చ్చొచ్చొచ్చో" అని నాలికలు. కడియమాయన ముక్కు ఎగబీల్చాడు. పట్టుచీరావిడ ఎక్కడో ముందు వరసలోంచి, "చూశారా, ఎంత చెడ్డా ఈ ఒక్కటీ బాగా తీశాడు" అంది. బాగా తీశాడట! గంటన్నరసేపు నవ్వినందుకు అందరికీ ఇక్కడ పాపపరిహారం దొరికింది, ఒక ముండమోపి బొమ్మ ముందు ముక్కు చీదేసి శుభ్రపడిపోయారు. ఆ షామియానాలో "ధైర్యంగా ఉండండి" అన్న మొహాలే ఇవి, నాలుగు సెకన్లే, తర్వాత భోజనాలు. మంగతాయారుకి ఒళ్ళు మండిపోయింది. స్వామిని వదల్లేదు, చెరువుల్ని వదల్లేదు, సముద్రాన్ని కూడా వదల్లేదు, మొగుడు పోయిన ఆడది కనపడేసరికి చేతులు కట్టుకుని నిలబడ్డాడు సన్నాసి. ఆరు గారెలు తిన్న మనిషిని ఆకలే లేని బొమ్మని చేసి గోడకి తగిలించాడు. ఫ్లెక్సీ వేయించిన ధర్మారావుకీ వీడికీ తేడా ఏమిటి? వాడు ఇరవై అడుగుల్లో వేయించాడు, వీడు ఇంకా పెద్ద తెర మీద.

లైట్లు వెలిగాక ఖదీజా ఆవిడ మొహం చూసి చెయ్యి పట్టుకుంది. "ఏడ్చావా?"

"నా మొహం. పద."

గేటు దగ్గర ఎండ కళ్ళలో పొడిచింది. ధర్మారావు కాయితం, పెన్నూ పట్టుకుని ఎదురొచ్చాడు, గొంతు తగ్గించి "కళ్ళు తుడుచుకోకు వదినా, అలాగే రా" అన్నాడు. రెండు మైకులు మూతి దగ్గరకొచ్చాయి. చూసి బయటికొస్తున్న జనం, మరి కాస్త వినోదం ఉచితంగా దొరుకుతుందని, చుట్టూ ఆగారు. కడియమాయన కూడా ఆగాడు.

"అమ్మా, ఈ సినిమా వల్ల మీ మనోభావాలు దెబ్బతిన్నాయా?" అని చానెల్ అబ్బాయి అడిగాడు.

"తిన్నాయి నాయనా. బాగా తిన్నాయి."

ధర్మారావు తృప్తిగా తలాడించాడు.

"ఏ సన్నివేశం అమ్మా మిమ్మల్ని బాధపెట్టింది?"

"ఆ చివర్లో తెల్లచీర కట్టుకుని ఏడ్చే పిల్లది. అబద్ధం అది. మా ఆయన పెద్దకర్మ నాడు నేను వంటషెడ్డు వెనక నిలబడి ఆరు గారెలు తిన్నాను, అల్లప్పచ్చడితో. ఆకలేసింది, తిన్నాను. అది తీసేసి ఈ దిక్కుమాలిన వయొలిన్ పెట్టాడు. ఆపేట్టయితే ఆ ఒక్క ముక్క ఆపించండి. మిగతాదంతా నిజమే. ఆ ఫ్లెక్సీ అయితే మరీ నిజం."

ఒక్క క్షణం ఎవరికీ ఏం చెయ్యాలో తెలీలేదు. నవ్వాలా, "చ్చొచ్చో" అనాలా అని ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఖదీజా మొదలుపెట్టింది, ఆ నవ్వు మొదలైతే ఇక ఆగేదేముంది. గిలకలదిండి కుర్రాళ్ళు అందుకున్నారు. "వదినా, బుర్ర ఉందా నీకు?" అని ధర్మారావు పళ్ళు కొరికాడు. "ఆకలి కూడా ఉంది ధర్మారావూ" అని ఆవిడ జనాన్ని తోసుకుని ఆటో స్టాండు వైపు నడిచింది. వెనక ధర్మారావు తన సొంత మనోభావాలు చెప్పబోతుంటే చానెల్ అబ్బాయి వైర్లు చుట్టేసుకుంటున్నాడు.

వేపచెట్టు నీడలో ఆగి ఫోన్ చేసింది. మొదటి రింగుకే ఎత్తాడు విక్రమ్, గుడివాడ నుంచి, గొంతులో భయం.

"పెద్దమ్మా, చూశావా?"

"గారెలేవిరా?"

"తీశాం పెద్దమ్మా. ఇక్కడ ఇరవై మందిని కూర్చోబెట్టి చూపించాం. ఒక్కళ్ళు నవ్వలేదు. మొగుడు పోయినావిడని అలా చూపిస్తారా అన్నారు. మా అమ్మ అయితే లేచి వెళ్ళిపోయింది."

"వాళ్ళు వెళ్తే వెళ్ళారు. తిన్నది నేను కదురా. నన్నడగాలిగా?"

"నువ్వు బాధపడతావేమోనని..."

"దేవుడికి భయపడలేదు, ఊళ్ళో పెద్దమనుషులకి భయపడలేదు, నాకొచ్చేసరికి భయపడ్డావు. నేనేం బొమ్మనిరా, దణ్ణం పెట్టి పక్కకి తప్పుకోడానికి?" ఆవిడ చెంగుతో మొహం తుడుచుకుంది, చెమటకేమో. "ఆ రోజు మీ పెదనాన్న కోసం నేను ఏడ్చింది నువ్వొక్కడివే చూశావు. నువ్వు కూడా చూడనట్టు తీశావు."

వాడు మెల్లగా అన్నాడు. "అది కాదు పెద్దమ్మా. జనం సంగతి ఒక సాకు. నవ్వు తీయడం వచ్చింది నాకు. ఏడుపు తీయడం కూడా వచ్చింది, చూశావుగా, తేలికే అది. ఆ రోజు నువ్వు రెండూ ఒకేసారి చేశావు. పదకొండు సార్లు తీశాను. అది తీయడం రాలేదు. చేతకాక వయొలిన్ పెట్టాను."

మంగతాయారు ఫోన్ చెవికి ఆనించుకుని నిలబడిపోయింది. పొద్దుటినుంచీ చెవిన పడ్డ మాటల్లో అబద్ధం లేనిది ఇదొక్కటే. ఆటో ఎక్కి కూర్చున్న ఖదీజా "వస్తావా రావా?" అని కేకేసింది. రోడ్డవతల ఫస్ట్ షోకి జనం అప్పుడే చేరుతున్నారు, ముఖాలన్నీ కడుక్కుని, పౌడరు రాసుకుని, దేనికి నవ్వొచ్చో దేనికి నవ్వకూడదో ముందే అడిగి తెలుసుకుంటూ.

"రాకపోతే నేర్చుకో" అని ఫోన్ పెట్టేసి, ఆవిడ ఆటో ఎక్కింది.